గవ్వమ్మ

రేవు ప్రదర్శనశాలలో ఓడ ఎక్కాలంటే ముందు చెప్పులు విప్పాలి. గుడి కాబోలనుకుని కొందరు మొదటి మెట్టు ముట్టుకుని కళ్ళకద్దుకుంటారు కూడా. చెప్పులు విప్పించేది భక్తి కోసం కాదు, అరికాళ్ళ కోసం. రెండు వందల ఏళ్ళ కిందట తుఫానులో మునిగిపోయిన ‘సీతామహాలక్ష్మి’ అనే తెరచాప ఓడకు అచ్చు నకలుగా దీన్ని కట్టారు. తెరచాపలు, తాళ్ళ నిచ్చెనలు, ముందు కొసన చెక్కిన హంస, అన్నీ ఉన్నాయి. సముద్రం ఒక్కటే లేదు. ఓడ సిమెంటు గచ్చు మీద నిలబడి ఉంటుంది. జనం ఎక్కాక దీపాలు ఆరిపోతాయి. పాదాల కింద బల్లలు వణకడం మొదలుపెడతాయి. ఆ చీకట్లో చచ్చిపోతున్న మనుషుల కేకలు వినపడతాయి.

నటుల కేకలు కావు, అసలువి. ప్రదర్శనశాల గొప్పంతా అక్కడే ఉంది. మునిగిన పాత ఓడ బల్లల సందుల్లో పూసిన గుగ్గిలం ఆనాటి చప్పుళ్ళను పట్టి ఉంచిందనీ, డాక్టర్ శ్రీకంఠం అనే శాస్త్రవేత్త వాటిని బయటికి రప్పించారనీ గోడ మీద పెద్దక్షరాలతో రాశారు. ఆ కేకల్లో ఒక గొంతు మాత్రం అందరికీ గుర్తుండిపోతుంది. “గవ్వా! ఒసే గవ్వా!” అని అదే పనిగా పిలుస్తుంది. గవ్వమ్మ అంటే ఆనాటి నావికులు ఆపదలో తలుచుకున్న సముద్ర దేవత అని పక్కనే ఇంకో బోర్డు ఉంది. దేవతను ‘ఒసే’ అనడమేమిటని ఎవరైనా అడిగితే, అది చనువు అంటాడు గైడు. బయట కొట్లో గవ్వమ్మ బొమ్మలు అమ్ముతారు. కొనిపెడితే గాని పిల్లలు అక్కణ్ణించి కదలరు.

నూకరత్నం ఆ ఓడ చూడాలని ఎప్పుడూ అనుకోలేదు. పడవలు చూసి మురిసిపోయే బతుకు కాదు ఆమెది. కూతురు దీపికకు బళ్ళో బొమ్మలు గీసే పోటీలో బహుమతి వచ్చింది, ఇంటిల్లిపాదికీ ఓడ ప్రవేశం ఉచితం అన్నారు. ఇంటిల్లిపాదీ అంటే దీపిక, నూకరత్నం, అత్త మసేనమ్మ. ఇంటి మగాడు ఎల్లాజీ ఐదేళ్ళ కిందట మరో ముగ్గురితో కలిసి చేపల వేటకు వెళ్ళాడు. తుఫాను వచ్చింది. నావా తిరిగి రాలేదు, మనుషులూ రాలేదు.

రానంత మాత్రాన చచ్చిపోయినట్టు కాదు, వాళ్ళ ఊరు కొత్తపాకల్లో. కొట్టుకుపోయి పరాయి దేశం ఒడ్డున తేలి, అక్కడి జైల్లో మగ్గి, మాసిన గడ్డాలతో తిరిగొచ్చినవాళ్ళు ఆ ఊళ్ళో ఉన్నారు. అందుకే మసేనమ్మ తన కొడుకు జైల్లో ఉన్నాడంటుంది. ఏ జైలు, ఏ దేశం అని అడిగితే తిడుతుంది. కోడలు బొట్టు చెరపడానికి వీల్లేదు, గాజులు తియ్యడానికి వీల్లేదు, పొద్దున్నే వాకిట్లో నిలబడి సముద్రం వైపు చూడకుండా పొయ్యి వెలిగించడానికి వీల్లేదు.

ఆ ఊళ్ళో మారుమనువు తప్పు కాదు. మొగుడు పోయిన పిల్ల ఏడాది తిరక్కుండా మరొకరి ఇంట దీపం పెట్టొచ్చు. అయితే అతను పోయాడని తెలియాలి. దానికి వాళ్ళకొక పద్ధతి ఉంది. వేటకు వెళ్ళినవాడు సముద్రం మీద పెళ్ళాం పేరు ఎత్తకూడదు. ఎత్తితే సముద్రం ఆ పేరు పట్టుకుని ఇంటికి వస్తుందని భయం. అందుకని ప్రతివాడూ పెళ్ళానికి ఒక సముద్రప్పేరు పెట్టుకుంటాడు, నావ మీద ఉన్నంతసేపూ ఆ పేరే వాడతాడు. ఇక ఒడ్డుకు చేరనని తెలిసిపోయినవాడు మాత్రం ఆఖర్న అసలు పేరు పైకి అంటాడు. దాన్ని పేరు వదలడం అంటారు. ఫలానావాడు పేరు వదిలేశాడని తోటివాడు బతికొచ్చి చెబితే చాలు, కులపెద్దలు అడ్డు చెప్పరు. ఎల్లాజీ నావ మీంచి అలా చెప్పడానికి ఎవరూ మిగల్లేదు.

ఐసు బండి నడిపే తాతాజీ కొన్నాళ్ళుగా నూకరత్నం కోసం కాచుకుని ఉన్నాడు. పెళ్ళాం పోయినవాడు, నెమ్మదస్తుడు. “కార్తీకం దాకా మా అమ్మని ఆపుతాను రత్నం. ఆ తరవాత నా సేతిలో లేదు” అన్నాడు. నూకరత్నానికి ఎల్లాజీ మీద ప్రేమ లేక కాదు. ప్రేమ ఉంది. ఇన్నేళ్ళూ అది ఎటూ పోలేక ఆమె నెత్తి మీదే కూర్చుంది. అతను బతికున్నాడని తెలిస్తే కాచుకుంటుంది, పోయాడని తెలిస్తే ఏడ్చి లేస్తుంది. ఏదో ఒకటి తెలియడమే ఆమెకు కావాలి.

ఓడ మీద దీపాలు ఆరాయి. గాలి హోరు మొదలైంది. బళ్ళో పిల్లల దగ్గర ముందే విన్న దీపిక ఇకిలిస్తూ అమ్మ నడుం పట్టుకుంది. “ఇప్పుడు సూడే అమ్మా, గవ్వమ్మని పిలుత్తాడు.”

“గవ్వా! ఒసే గవ్వా! పాప జాగర్తే!”

నూకరత్నం సముద్రప్పేరు గవ్వ. పెళ్ళైన కొత్తలో ఒడ్డున ఏరి కొంగులో మూటకట్టుకున్న గవ్వలు చూసి, పగలబడి నవ్వి, ఎల్లాజీ పెట్టిన పేరు అది. ఆ నావ మీది మనుషులకూ అత్తకూ తప్ప మరొకరికి తెలియదు. నూకరత్నం కాళ్ళు మడిచి ఆ వణికే బల్లల మీద కూలబడిపోయింది. అరచేతుల్లోంచి అతని గొంతు ఎముకల్లోకి పాకింది. పక్కనే మసేనమ్మ “మా ఓడే! నా కొడుకే!” అని గుండెలు బాదుకుంది. ఇది కూడా ప్రదర్శనలో భాగమేననుకుని ఎవరో పెద్దమనిషి చప్పట్లు కొట్టాడు.

దీపాలు వెలిగాయి. మసేనమ్మ కోడలి భుజాలు పట్టుకుని ఊపేసింది. ఆ ముసలి మొహంలో ఏడుపు లేదు, సంబరం ఉంది.

“ఇన్నావా? పేరొదల్లేదు! గవ్వా అనే అన్నాడు, సివరిదాకా గవ్వా అనే అన్నాడే! బతికే ఉన్నాడు నా కొడుకు!”

శ్రీకంఠం దొంగ కాదు. దొంగయితే అన్నేళ్ళు కష్టపడేవాడు కాదు. నావ బల్లల సందుల్లోంచి నీరు రాకుండా దూదినీ గుగ్గిలాన్నీ దట్టించి పూస్తారు. తుఫానులో బల్లలు ఒకదానితో ఒకటి రాసుకుంటే ఆ వేడికి గుగ్గిలం మెత్తబడుతుంది, నీళ్ళు తగలగానే మళ్ళీ గడ్డకడుతుంది. మెత్తబడిన ఆ క్షణంలో చుట్టూ ఉన్న చప్పుడు దాని మీద ముద్ర పడుతుంది. అలా పొర మీద పొర. శ్రీకంఠం సూదిమొనంత కాంతితో ఆ పొరలను గీకి మళ్ళీ చప్పుడుగా మార్చే యంత్రం తయారుచేశాడు. గీకిన పొర పొడైపోతుంది కాబట్టి దేన్నయినా గుగ్గిలంలోంచి ఒక్కసారే వినగలం, ఆ తరవాత మిగిలేది యంత్రం దాచిన రికార్డే. ఒడ్డున దొరికిన ఒక బల్ల ముక్కతో మొదటిసారి పరీక్షించినప్పుడు యంత్రంలో ఎవరో దగ్గారు. శ్రీకంఠం కుర్చీలోంచి లేచి, ఒంటరిగా, గది నిండా గెంతాడు.

ఆ యంత్రాన్ని చూసే సంస్థవాళ్ళు ఓడ కట్టించారు. తీరంలోని మడ అడవి కాలవ బురదలోంచి పాత సీతామహాలక్ష్మి దుంగలు తవ్వి తీశారు. వాటిలో ఏమీ లేదు. యంత్రం పెడితే పురుగులు చెక్క తొలిచే కరకర తప్ప ఇంకేదీ వినపళ్ళేదు. అప్పటికే ప్రారంభోత్సవం తేదీ ఖాయమైపోయింది, మంత్రిగారికి శాలువా కూడా కొనేశారు.

“మీ పరీక్ష బల్ల ఉందిగా, అందులో కేకలున్నాయన్నారుగా, అది పెట్టండి” అన్నాడు ప్రదర్శనశాల డైరెక్టరు పురంధరరావు.

“అది మొన్నమొన్నటి నావ సార్. వేటగాళ్ళది.”

“మునిగినవాడు ఎప్పుడు మునిగితే ఏమిటండీ? సముద్రం అదే, చావూ అదే.”

శ్రీకంఠం రెండు రోజులు అన్నం సయించక తిరిగి, మూడో రోజు పనికి కూర్చున్నాడు. పొరలు గీకాడు. “డీజిల్ అయిపోనాదిరా” అన్నారెవరో నావలో. రెండు వందల ఏళ్ళ కిందటి ఓడలో డీజిలేమిటని ఆ ముక్క కోసేశారు. “సెల్లు తడిసిపోనాది” అన్నారు ఇంకెవరో. అదీ కోసేశారు. కోతలన్నీ పోగా గాలీ, అలలూ, గవ్వ అనే పిలుపూ మిగిలాయి. ఎవరీ గవ్వ అనే ప్రశ్న వచ్చింది. పురంధరరావు టీ తాగుతూ దేవత అన్నాడు. టీ అయ్యేలోపు గవ్వమ్మకు రెండు చేతులూ ఒక కిరీటమూ వచ్చాయి.

అన్నిటికంటే పైన, ఆఖర్న పడ్డ పొరలో ఒక్క గొంతే ఉంది. అప్పటికి తక్కినవాళ్ళు లేరు. గాలి తగ్గింది. ఆ గొంతు కేక వెయ్యకుండా ఒక ఆడమనిషి పేరు పలికింది, మళ్ళీ పలికింది, అలా పలుకుతూనే పోయింది.

“ఇది మరీ మెల్లగా ఉంది, జనం చెవికి ఆనదు. పైగా ఇలాంటి పేరు రేషను కార్డుల్లో ఉంటుంది గాని చరిత్రలో ఉండదు. చెరిపెయ్యండి” అన్నాడు పురంధరరావు.

“ఎవరి నావో ఒకసారి కనుక్కుందామా సార్? ఇంట్లోవాళ్ళు ఎదురు చూస్తుంటారేమో.”

“కనుక్కుంటే వచ్చి బల్ల అడుగుతారు.”

శ్రీకంఠం చెరిపేశాడు. చెరిపేటప్పుడు అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నీళ్ళు తిరగడం అతనికి తేలిక.

కూలబడిపోయిన నూకరత్నాన్ని గైడు లేపి, ఓడ వెనకాల ఉన్న శ్రీకంఠం గదిలో కూర్చోబెట్టాడు. మసేనమ్మ మనవరాల్ని వెంటబెట్టుకుని, కొడుకు బతికున్నాడని కొట్టు దగ్గర కనబడ్డవాళ్ళందరికీ చెబుతోంది. శ్రీకంఠం మంచినీళ్ళిచ్చాడు.

“భయపడ్డారా అమ్మా? అది రెండు వందల ఏళ్ళ కిందటి...”

“బాబూ, ఆ గొంతు పక్కన పడుకున్నదాన్ని నేను. నాకు సెప్పకండి.”

ఇన్నాళ్ళూ ఎవరు అడుగుతారోనని భయపడ్డ ప్రశ్న పాత నేత చీర కట్టుకుని ఎదురుగా కూర్చుంది.

“సివర్న ఏటన్నాడండీ? ఏదన్నా పేరు పిలిసేడా?”

శ్రీకంఠం నేల చూస్తూ చెప్పాడు. “పిలిచాడు.”

“ఏటని?”

“నూకరత్నం అని.”

ఆమె అతనికి తన పేరు చెప్పలేదు. గైడుకూ చెప్పలేదు. కొంగు నోట్లో కుక్కుకుంది. అది తీసి, “అరిసేడా?” అంది.

“లేదమ్మా. పక్కనున్న మనిషితో మాట్లాడినట్టే అన్నాడు. చాలాసార్లు అన్నాడు.”

“ఏదీ, ఒక్కసారి ఇనిపించండి.”

“లేదమ్మా. చెరిపేశాం.”

నూకరత్నం అతని వైపు చూసిన చూపు మనిషి వైపు చూసినట్టు లేదు. ఒడ్డున చచ్చిన చేప కళ్ళు పొడిచే కాకిని అలా చూస్తారు. అయినా తిట్టలేదు. ఆమెకు ఇప్పుడు అతనితో పనుంది. పేరు వదలడమంటే ఏమిటో, పెద్దలకు ఏం కావాలో, తాతాజీ ఎవరో, కార్తీకం ఎంత దగ్గరలో ఉందో అంతా చెప్పింది.

“మీరు ఇన్నారు గదా బాబూ, మీరే సాచ్చికం. వొచ్చే ఆదివారం పెద్దల్ని తీసుకొత్తాను. ఇప్పుడు నాకు సెప్పిన మాటే ఆళ్ళకీ సెప్పండి. ఇంకేటీ అడగను. బల్ల కూడా అడగను.”

“చెప్తానమ్మా. మా అమ్మ మీద ఒట్టు” అన్నాడు శ్రీకంఠం. ఆ క్షణంలో నిజంగానే అన్నాడు.

ఆ వారం నూకరత్నం చేపలు ఎండబెట్టే ఇసుకలో ఒంటరిగా కూర్చుని తనివితీరా ఏడ్చింది. ఎదురు చూసి ఏడవడం వేరు, పోయినవాడి కోసం ఏడవడం వేరు. రెండోది ఎంత మెత్తగా ఉంటుందో ఆమెకు అంతకుముందు తెలియదు. ఆఖరికి అతను పేరు వదిలి, తనకు విడుదల ఇచ్చే పోయాడు. నోట్లో ఉప్పునీళ్ళు నిండుతుంటే కూడా ఆ పని మర్చిపోలేదు. అతని మంచితనానికి ఆమె గుండె తరుక్కుపోయింది, తేలిక కూడా పడింది. తేలికపడినందుకు మరికాస్త ఏడ్చింది.

కులపెద్ద గంగరాజు సరేనన్నాడు. “ఇన్నోడు ఎదర నిలబడి సెప్తే సాలు. సదువుకున్నోడైతే మరీ మంచిది” అన్నాడు. మసేనమ్మ మాత్రం, “నా సెవులతో నేనిన్నాను, గవ్వా అనే అన్నాడు” అని ముద్ద ముట్టకుండా పడుకుంది. తాతాజీ ఐసు బండికి కొత్త రంగు వేయించాడు. ఎందుకని ఎవరైనా అడిగితే సిగ్గుపడ్డాడు.

శ్రీకంఠం ఆ వారం తన వంటి మనుషులు మాత్రమే చెయ్యగలిగిన పొరపాటు చేశాడు. నిజం చెప్పడానికి డైరెక్టరు గారి అనుమతి అడిగాడు. సెలవు కావాలన్నా, పెన్ను కావాలన్నా అడిగి తీసుకునే అలవాటు అతనిది.

పురంధరరావు కోప్పడలేదు. “పాపం, తప్పకుండా చెప్పండి. చెప్పేసి మర్నాడు యంత్రం అప్పగించి ఇంటికి వెళ్ళండి. అది మీది కాదు కదా, సంస్థది” అన్నాడు. తరవాత గొంతు మెత్తగా చేసుకుని, “దాన్ని మీ తరవాత ఎవరు ముట్టుకున్నా పాడుచేస్తారని నా బెంగ” అన్నాడు.

శ్రీకంఠం తన గదిలోకి వెళ్ళి యంత్రం మీది దుమ్ము తుడిచాడు. దానికి దుమ్ము పట్టలేదు.

ఆదివారం వచ్చింది. ఓడ నీడలో పురంధరరావు కుర్చీలు వేయించాడు, కూల్‌డ్రింకులు తెప్పించాడు. గంగరాజూ, ఇంకో ఇద్దరు పెద్దలూ చెప్పులు దూరంగా విడిచి, కుర్చీల అంచుల మీద కూర్చున్నారు. మసేనమ్మ మనవరాల్ని ఒళ్ళో పెట్టుకుని నేల మీదే కూర్చుంది. తాతాజీ గేటు బయట బండి పక్కన నిలబడ్డాడు. నూకరత్నం బొట్టు పెట్టుకునే వచ్చింది. సాయంత్రం ఇంటికి వెళ్ళేటప్పుడు ఆ బొట్టు ఉండదని ఆమెకు తెలుసు.

“అయ్యా, ఒకటే మాట” అన్నాడు గంగరాజు. “మా ఎల్లాజీ పేరొదిలేడా?”

శ్రీకంఠం ఓడ హంస వైపు చూశాడు. “ఆ గొంతు మీ ఊరి మనిషిది కాదండి. రెండు వందల ఏళ్ళ కిందటిది. కొన్ని గొంతులు ఒకేలా ఉంటాయి.” హంస మీంచి చూపు తియ్యకుండానే, “పేరేమీ వినపళ్ళేదండి” అన్నాడు.

“మరి నా పేరు మీకెలాగ తెలిసిందండీ?” అంది నూకరత్నం. గొంతు పెంచలేదు. “నేను సెప్పలేదు గదా. మీరే గదా నాకు సెప్పేరు.”

శ్రీకంఠం ఆమె వైపు తిరిగాడు.

“మీ పేరేమిటమ్మా?” అన్నాడు.

గంగరాజు కూల్‌డ్రింకు సీసా కింద పెట్టేశాడు. నూకరత్నం వైపు జాలిగా చూశాడు, గేటు బయట నిలబడ్డ తాతాజీ వైపు చూశాడు, మళ్ళీ ఆమె వైపు చూశాడు. మారుమనువు కోసం ఇంత కథ అల్లుతావనుకోలేదు అని ఆ చూపులో ఉంది. ఆమెకు అది అర్థమైంది. కోపంతో ఒళ్ళంతా మండింది. అమ్మ మీద ఒట్టు వేసిన మనిషి పేరే తెలియదంటే దాని మీద ఇంకేం మాట్లాడతారు?

మసేనమ్మ లేచి కోడల్ని కావలించుకుంది. ఐదేళ్ళలో ఎప్పుడూ అలా కావలించుకోలేదు. వారం కిందట మా ఓడే అని గుండెలు బాదుకున్నది ఆ గొంతు వినే. కడుపున పుట్టినవాడి గొంతు ఆమెకు తెలియక కాదు. బతికున్నాడని చెప్పేవాడు దొరికాడు, చాలు.

“సదువుకున్నోళ్ళు సెప్తన్నారు గదే పిచ్చిదానా. ఆడు మా ఓడు కాడు. మా ఓడు నీకా పేరెట్టింది ఈ తల్లి పేరే అన్నమాట. తల్లే కాసుకుంటాది.”

పురంధరరావు ఆ మాటకు ముచ్చటపడి కొట్లోంచి అన్నిటికంటే పెద్ద గవ్వమ్మ బొమ్మ తెప్పించి, తన చేతులతో మసేనమ్మకు ఇచ్చాడు. ఫొటో కూడా తీయించాడు. ఫొటోలో నూకరత్నం మొహం ఓడ నీడలో పడి కనబడదు.

కార్తీకంలో తాతాజీ పెళ్ళి చేసుకున్నాడు. రంగు వేసిన ఐసు బండి మీదే పెళ్ళికూతుర్ని ఊరేగించారు. నూకరత్నం పెళ్ళికి వెళ్ళి, భోజనాల దగ్గర వడ్డించి వచ్చింది. శ్రీకంఠానికి ఢిల్లీలో సన్మానం జరిగింది, ఇప్పుడు ఓడకు రెండో ప్రదర్శన తయారవుతోంది. దానికి కొత్త కేకలు కావాలి. తుఫాను వెలిసిన మర్నాడు అతని మనుషులు ఒడ్డున బల్లలు ఏరుతుంటారు. ఏరేవాళ్ళు చాలా మర్యాదస్తులు, ఎవరి నావ అని అడగరు.

బొమ్మను మసేనమ్మ వంటింటి గూట్లో పెట్టింది. రంగు రంగుల గవ్వల కిరీటం, పెద్ద కళ్ళు, అభయమిచ్చే చెయ్యి. రోజూ పొద్దున్నే నూకరత్నం వాకిట్లో నిలబడి సముద్రం వైపు చూసొచ్చి, ఆ బొమ్మ ముందు దీపం పెట్టి, మొగుణ్ణి ఇంటికి చేర్చమని మొక్కాలి. మొదటి రోజు ఆమె చేతులు జోడించి ఊరుకుంది.

“మనసులో కాదే, పైకి సెప్పుకో. ముందు నీ పేరు సెప్పు. ఎవరు మొక్కుతున్నారో తల్లికి తెలవాలి గదా” అంది మసేనమ్మ.

“నూకరత్నం” అంది ఆమె.

“గట్టిగా సెప్పు” అంది మసేనమ్మ పక్క గదిలోంచి. “ఇనపళ్ళేదు.”